చిల్లుపడిన అర డాలరు

నా వద్ద ఉన్న పాత అమెరికా నాణెం ఒక్కటే: 1795 నాటి వెండి అర డాలరు. అదియును చిల్లుపడినది. ఫిలడెల్ఫియాలో అధ్యాపకుడుగా ఉన్న దినాలలో ఒక చిన్న దుకాణంలో కొన్నాను. దుకాణదారు దానిని అద్దాల పెట్టెలో గాక, ఆగిపోయిన గడియారాలు, తెగిన గొలుసులు పోసిన తట్టలో ఉంచినాడు. చిల్లు లేనిచో నా బోటివాడు దానివైపు చెయ్యి చాచగలిగేవాడే కాదు.

1792 నాటి చట్టాన్ని అనుసరించి అమెరికా టంకశాల వెలసినది ఆ నగరంలోనే. 1794 అక్టోబరు 15న అక్కడి నుండి వెలువడిన మొదటి వెండి డాలర్లు 1,758 మాత్రమే. అర డాలరు 208 గ్రెయినులు తూగవలెనని శాసనం. కాని నాటి యంత్రాలకు అంత నేర్పు లేదు. తేలికైన బిళ్ళ మరల మూసలోకి పోయేది. బరువైన బిళ్ళను ఆకురాయితో రాచి, తూచి, మళ్ళీ రాచి, అటుపిమ్మట ముద్ర వేసేవారు. ఆ ముద్ర దెబ్బకు కూడ అణగని గీతలు నా నాణెం మీద స్వేచ్ఛాదేవి విరబోసిన కురులకు అడ్డంగా నేటికీ ఉన్నవి. 1795లో సారా వాల్డ్రేక్, రేచల్ సమ్మర్స్ అనే ఇద్దరు స్త్రీలు ఆ టంకశాలలో ఈ తూకం సరిచేసే పనిలో ఉండిరి. ఈ గీతలు వారి చేతివో కావో చెప్పలేను. అయినను వాటిని చూచినప్పుడెల్ల వారి పేర్లే తలపునకు వస్తవి.

సేకర్తలు కొలిచేది వేరు. వారి లోకంలో రారాజు 1804 నాటి డాలరు. తమాషా యేమనగా, అది 1804లో పుట్టినదే కాదు. ఆ యేడు ముద్రించిన డాలర్ల మీద పాత సంవత్సరమే ఉన్నది. 1834లో సయాము రాజుకు, మస్కట్ సుల్తానుకు కానుకలు పంపవలసి వచ్చి, లెక్కల పుస్తకంలో చివర కనిపించిన 1804ను క్రొత్త అచ్చుమీద చెక్కినారు. తరువాత చేసిన వాటితో కలిపి మొత్తం పదిహేను. మస్కట్ సుల్తానుదని ప్రతీతిగల నాణెం 2021లో 76 లక్షల 80 వేల డాలర్లకు అమ్ముడుపోయినది. అది ఒక్కనాడైనా రొట్టె కొన్నది కాదు, కూలి ఇచ్చినది కాదు. దాని అందాన్ని నేను కాదనను. దానిని డబ్బు అనడానికి మాత్రం నా నోరు రాదు.

వెండిపని తెలిసిన మిత్రుడొకరు, చిల్లు పూడ్చి ఇస్తాను, ఆనవాలు కూడ తెలియదన్నాడు. వద్దన్నాను. మన దేశంలో రూపాయలకు కొక్కెములు అతికించి హారాలుగా ధరించిన స్త్రీలను ఎరిగినవారికి ఆ చిల్లు లోపంగా తోచదు. దేవి తల నిటారుగా నిలిచేటట్లు పైఅంచున, మధ్యగా చూచి వేసిన చిల్లు అది. ఎవరి మెడలోనో వ్రేలాడినది. ఆ మెడ పేరు ఏ జాబితాలోను లేదు.

ఇటీవల దానిని మందుల దుకాణం త్రాసులో తూయించినాను. 199 గ్రెయినులు వచ్చినది. శాసనానికి తొమ్మిది తక్కువ. చిల్లు వెడల్పును బట్టి లెక్క కట్టగా అందులో పోయినది ఒక్క గ్రెయిను. తక్కిన ఎనిమిది చేతులు మారుటలో అరిగినవి.