బావినీటి పరీక్ష

మా అబ్బాయి అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, ఊరికి దూరంగా ఒక ఇల్లు కొనదలచాడు. చుట్టూ కనుచూపు మేర మొక్కజొన్న, సోయా చేలు. నగరంలో చిన్న అపార్టుమెంటుకు పెట్టే సొమ్ముతో అక్కడ పెరడు, చెట్లతో సహా ఇల్లు వస్తుంది. అప్పటికి మా కోడలికి ఆరో నెల.

ఇల్లు చూడబోయినప్పుడు అందరూ వంటగదిని మెచ్చుకుంటుంటే, నేను కుళాయి తిప్పి నీళ్ళెక్కడివని అడిగాను. పెరటిలోని బోరుబావివట. తేటగా, తియ్యగా ఉన్నాయి.

"ఇంత మంచి నీళ్ళకు పరీక్ష దేనికి నాన్నా?" అన్నాడు అబ్బాయి.

నల్గొండ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీటితో వంగిపోయిన నడుములను చూసినవాణ్ణి నేను. ఆ నీరూ తేటగానే ఉండేది.

పొలాలకు వేసిన నత్రజని ఎరువు, పశువుల పేడ వానతో నేలలోకి దిగి, నైట్రేట్‌గా బావిని చేరుతాయి. దానికి రంగు, రుచి, వాసన ఉండవు. అది ఎక్కువగా ఉన్న నీటితో పోతపాలు కలిపి పడితే, పసిబిడ్డ రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్ళు నీలివర్ణానికి తిరుగుతుంది. 1945లో ఈ ప్రమాదాన్ని వైద్యలోకానికి వెల్లడించిన హంటర్ కామ్లీ అయోవాలో పనిచేసిన వైద్యుడే.

"కాచి చల్లార్చితే సరిపోదూ?" అంది నా భార్య. సరిపోదు. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి; నైట్రేట్ మాత్రం నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది.

అమెరికాలో ప్రజలకు సరఫరా చేసే నీటిలో నైట్రేట్ రూపంలోని నత్రజని లీటరుకు 10 మిల్లీగ్రాములు మించరాదు. సొంత బావికి ఆ చట్టం వర్తించదు. పరీక్ష బాధ్యత ఇంటివారిదే. మా పరీక్షలో 17 వచ్చింది. ఆ రాత్రి అబ్బాయి భోజనం దగ్గర మాట్లాడలేదు.

అయినా ఇల్లు వదులుకోలేదు. వంటగది కుళాయికి ఆర్.ఓ. యంత్రం బిగించి, మళ్ళీ పరీక్ష చేయించి, 10 లోపు వచ్చాకే కాపురం పెట్టారు. ఇప్పుడు ఏటా పరీక్ష చేయిస్తున్నారు.

మన పల్లెల్లో పొలాల నడుమ బోరునీరు తాగేవారికీ ఇదే నా మనవి. మన దేశంలో నైట్రేట్‌ను మొత్తంగా లెక్కించి 45 మిల్లీగ్రాములను హద్దుగా పెట్టారు. లెక్కించే తీరు వేరైనా హద్దు దాదాపు ఒకటే. ఇంట్లో పసిబిడ్డ రాబోతుంటే, ఉయ్యాల కొనకముందే నీటి పరీక్ష చేయించండి.