కోఠీ గల్లీలో సౌండు వేట!

హైదరాబాదు కోఠీలో దిగేవాళ్ళు రెండు రకాలు. చీరల కోసం సుల్తాన్ బజారు వైపు తిరిగేవాళ్ళు, పాత పుస్తకాల కోసం ఫుట్‌పాత్ మీద కూలబడేవాళ్ళు. మూడో రకం కూడా వుందండోయ్... చెవులు రిక్కించుకుని గుజరాతీ గల్లీలోకి దూరేవాళ్ళు! మొన్న నేనూ ఆ మూడో రకంలో చేరాను.

గల్లీ అంటే నిజంగా గల్లీయే. ఎదురుగా స్కూటరు వస్తే ఏదో ఒక షాపు మెట్టెక్కి నిలబడాలి. తాళ్ళకు కట్టిన వైర్ల చుట్టలు, పెట్టెలింకా తగిలించని ఉత్త స్పీకర్లు, ఎక్కడినుంచో టంకం వాసన. ప్రతి షాపువాడూ తన సరుకు మోగించి చూపిస్తుంటాడు. నాలుగు షాపుల పాటలు కలిసి అయిదో పాట తయారవుతుంది! మన మ్యూజిక్ డైరెక్టర్లు ఓసారి వచ్చి వినాల్సిందే.

నా పని ఏమిటంటారా? ఇంట్లో కొత్త టీవీ కొన్నాం. 43 అంగుళాలు. బొమ్మ కడిగిన అద్దంలా వుంది. మాటే గొంతు పట్టేసినట్టు వస్తోంది. పలకంత పల్చటి టీవీలో స్పీకరుకి చోటెక్కడిది? చాలావాటిలో అవి కిందికో వెనక్కో చూస్తుంటాయి. అంటే హీరో మనతో కాకుండా గోడతో మాట్లాడుతున్నాడన్నమాట! మా అమ్మకు అరవై దాటాయి. వాల్యూమ్ పెంచితే ఫైటింగులకు కింది వాటావాళ్ళు పైకొస్తారు. తగ్గిస్తే ఆమెకు మాటలందవు. కొన్నాళ్ళకు ఒకటి గమనించాను. మేం నవ్వినప్పుడు అమ్మ టీవీ వైపు కాదు, మా మొహాల వైపు చూసి నవ్వుతోంది.

ఇక లాభం లేదని, అమ్మనే వెంటబెట్టుకుని, జేబులో 12,000 రూపాయలు పెట్టుకుని బయల్దేరాను.

మొదటి షాపు కుర్రాడు నీలం లైట్లు మెరిసే ఆరు పెట్టెల సెట్టు చూపించాడు. "అన్నా, ఇది పెట్టినవంటే గల్లీ మొత్తం ఊగుతది!"

"గల్లీ ఊగక్కర్లేదు తమ్ముడూ, మా అమ్మకు మాట వినపడితే చాలు" అన్నాను.

ఈ 5.1 సంగతి కాస్త చెప్పుకోవాలి. కృష్ణగారి 'సింహాసనం' 1986లో తెలుగులో తొలి 70 ఎమ్.ఎమ్. సినిమాగా ఆరు ట్రాకుల స్టీరియోతో వచ్చింది కదా! ఇంట్లో 5.1 కూడా ఆ ఆరు ట్రాకుల వంశంలోదే. ముందు ఎడమ, మధ్య, కుడి, వెనకవైపు రెండు, గుండెల్లో దడ పుట్టించే సబ్ వూఫరు ఆరోది. డైలాగుల్లో ఎక్కువ భాగం పలికేది మధ్య స్పీకరే. అయితే అసలు కిటుకు సెట్టు వెనక వుంది. టీవీనుంచి వచ్చే డాల్బీ శబ్దాన్ని ఆరు పాయలుగా విడదీసే డీకోడరు లోపల లేకపోతే, అయిదు స్పీకర్లూ ఒకే పాట పాడతాయి. అయిదుగురు ఎక్‌స్ట్రాలకు ఒకే డైలాగు ఇచ్చినట్టు! వెనక్కి తిప్పి చూశాను. ఎర్ర తెల్ల సాకెట్లే తప్ప హెచ్.డి.ఎమ్.ఐ. రంధ్రం లేదు, ఆప్టికల్ లేదు. నమస్కారం పెట్టి బయటపడ్డాం.

రెండో షాపులో పెట్టె మీద '10,000 వాట్లు' అని అరచేతంత అక్షరాలు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో పి.ఎమ్.పి.ఓ. అని వుంది. అది పోస్టరు మీది హీరో కండల్లాంటిది! చూడాల్సింది ఆర్.ఎమ్.ఎస్. వాట్లు. అదీ నమ్మబుద్ధి కాకపోతే వెనక చీటీ చదవండి. గోడనుంచి 60 వాట్ల కరెంటు తీసుకునే యంత్రం పది వేల వాట్లు ఎక్కణ్ణించి తెస్తుంది, మాయాబజారునుంచా?

మూడో షాపులో పెద్దాయన తొందరపడలేదు. "ముందు అమ్మను కూర్చోబెట్టు బేటా" అని స్టూలు వేశాడు. నేను పెన్ డ్రైవులో మూడు సీన్లు తీసుకెళ్ళాను. 'మాయాబజార్' (1957)లో ఎస్.వి.రంగారావుగారి సీను, 'శంకరాభరణం'లో ఒక పాట, 'శివ' (1989)లో సైకిల్ చైను. అమ్మను తెరకు వీపు పెట్టి కూర్చోమన్నాను. బొమ్మ చూస్తే పెదవుల్ని బట్టి మాట పట్టేస్తుంది కదా!

రెండు స్పీకర్ల సౌండ్ బారులో ఘటోత్కచుడి మాటలు సగం చెప్పింది. మధ్యలో విడిగా స్పీకరున్న 3.1 బారు పెట్టేసరికి ప్రతి మాటా అప్పజెప్పడం మొదలెట్టింది. ఆయన కంటే ముందే రెండు డైలాగులు కూడా! పాత సినిమాల్లో శబ్దం మోనో, ఎన్ని పెట్టెలు పెట్టినా వున్నది ఒక్క ట్రాకే. అది శుభ్రంగా పలికితే చాలు. తర్వాత చైను తెగిన చప్పుడుకి అమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. పెద్దాయన మీసాల్లో నవ్వుకున్నాడు.

వెనక స్పీకర్లు లేవు కాబట్టి రైలు మన వీపు వెనకనుంచి దూసుకురాదు. కుర్రకారుకు అది నిరాశే, నాక్కూడా! కానీ మా గది 10×12 అడుగులు, సోఫా వెనకగోడను ఆనుకునే వుంది. ఆ రైలు ఎక్కడ నడుస్తుంది చెప్పండి? బేరమాడితే 11,400కి ఇచ్చాడు. మిగిలిన డబ్బు గోకుల్ చాట్‌లో ఖర్చు.

మీరూ వెళ్ళదలిస్తే ముందు మీ టీవీ వెనకభాగం ఫోటో తీసుకోండి. హెచ్.డి.ఎమ్.ఐ. రంధ్రాల్లో దేని పక్కన 'ఏ.ఆర్.సి.' అని రాసి వుందో చూడండి. అక్కడ ఒక్క వైరు గుచ్చితే సౌండు బారుకి వెళుతుంది. చాలా టీవీల్లో వాల్యూమూ టీవీ రిమోటుతోనే మారుతుంది, ఇంట్లో పెద్దవాళ్ళకు రెండో రిమోటు వెతుక్కునే బాధ వుండదు. బ్లూటూత్ కలిపితే ఒక్కోసారి పెదవి ముందు, మాట వెనక... అచ్చం తొందరలో చేసిన డబ్బింగు సినిమా! సబ్ వూఫరును మాత్రం మూలకు నెట్టకండి. మూలలో మోత పెరుగుతుంది, కింది వాటావాళ్ళు మళ్ళీ పైకొస్తారు.