జబ్బును దగ్గరికి రానివ్వని బట్ట

బాలి దీవికి తూర్పున, చండీదాస తీరం నుంచి కొద్ది కిలోమీటర్లు లోపలికి వెళ్తే కొండల నడుమ తెంగనాన్ అనే ఊరు. ఏటా జూన్ ప్రాంతంలో అక్కడ పెద్ద పండగ. కుర్రాళ్లు ముళ్లున్న మొగలి జాతి ఆకులు పట్టుకుని ఒకరి వీపు ఒకరు గీరేసుకుంటూ 'యుద్ధం' చేస్తారు. పెళ్లికాని అమ్మాయిలేమో చెక్క రంగులరాట్నాల్లో కూర్చుని ఊగుతారు. పర్యాటకుల కెమెరాలన్నీ యుద్ధం వైపే! అసలు చూడాల్సింది మాత్రం ఆ అమ్మాయిలు చుట్టుకున్న బట్టని.

ఎరుపు, నలుపులాంటి ముదురు రంగు, మీగడ తెలుపు... ఉన్నవి ఈ మూడే. పేరు గెరింగ్‌సింగ్. 'గెరింగ్' అంటే జబ్బు, 'సింగ్' అంటే లేదు. ఇది ఒంటిమీదుంటే రోగాలూ చెడుగాలీ దరిచేరవని నమ్మకం. నేత నేర్పింది సాక్షాత్తూ ఇంద్రుడేనట! అందుకే బాలిలో మిగతా ఊళ్లవాళ్లూ పళ్లు అరగదీసే వేడుకలో తలకింద దీన్ని పెడతారు. అవును, అక్కడ అదీ ఒక సంస్కారమే.

నమ్మకం సంగతెలా ఉన్నా, ఓపిక లేనివాళ్లు నేసే బట్ట కాదిది. నూలును ముందు కెమిరి గింజల నూనెలో, కట్టెల బూడిద నీళ్లలో నెలకు పైగా నానబెట్టాలి. తర్వాత పడుగుకీ పేకకీ విడివిడిగా, బొమ్మను బట్టి ముడులు కట్టి అద్దాలి. నీలిమందు అద్దకం తెంగనాన్‌లో నిషేధం. దాంతో నూలు పక్కనున్న బుగ్‌బుగ్ ఊరికెళ్లి నీలం పట్టించుకొస్తుంది. ఎరుపుకి నోని చెట్టు వేరు బెరడు వాడతారు. మన తొగరు జాతిదే. ఒక్కసారి ముంచితే ఆ ఎరుపు రాదు. ముంచడం, ఆరబెట్టడం, కొన్నాళ్లు ఆగి మళ్లీ ముంచడం... నీలం మీద ఎరుపు పడినచోట నలుపు తేలుతుంది. అలా ఒక్కో బట్టకి ఏళ్లు పడుతుంది.

ఇక మగ్గం. నడుముకు బిగించుకుని నేల మీద కూర్చుని నేసేది. పడుగు మీది రంగూ పేక మీది రంగూ సరిగ్గా ఒకదానిమీద ఒకటి పడాలి. కాస్త జరిగినా బొమ్మ చెదిరిపోతుంది.

ఇదంతా చదువుతుంటే మన నేతన్నలకు తేలియా రుమాలు గుర్తొచ్చే ఉంటుంది. చీరాలలో పుట్టి, యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో నిలబడిన నేత అది. 2020లో పుట్టపాక రుమాలుకు జీఐ గుర్తింపూ వచ్చింది. దానికీ నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో నానబెడతారు. రంగులూ ఆ మూడే! పోచంపల్లి పుణ్యమా అని మన నోట నానిన 'ఇకత్' అన్న మాట కూడా ఇండొనేసియాదే. అర్థం 'కట్టడం'.

తెంగనాన్ వీధుల్లో ఇళ్ల ముందే బట్టలు వేలాడదీసి అమ్ముతారు. అన్నీ గెరింగ్‌సింగ్‌లు కావు, మామూలు ఇకత్‌లూ ఉంటాయి. అసలుదాని ధర విని చాలామంది వెనక్కి తగ్గుతారు. పాత బట్టలు కొన్ని ఇప్పటికే యూరప్ మ్యూజియాలకు చేరాయి. అమ్మే ఇల్లాలికి మాత్రం బేరం కన్నా ముందు ఇంకో లెక్క ఉంటుంది. ఇది ఇచ్చేస్తే, కూతురు రాట్నం ఎక్కే ఏడాదికి మరొకటి పూర్తవుతుందా?