పల్లజుట్టు

ఇంగ్లీషు పాఠములలో బంగారువన్నె జుట్టును ‘బ్లాండ్’ అందురు. అది ఫ్రెంచినుండి వచ్చిన మాట; స్త్రీవిషయమున వ్రాయునపుడు చివర నొక యక్షరము చేర్చుట యా ఫ్రెంచివారి లింగభేదమునకు గుఱుతు. తెలుఁగున నిట్టి మాట లేదని తెనాలిలో మా మిత్రు లొకరు వాదించిరి. కలదు. అది ‘పల్ల’. పల్లవెండ్రుక లనఁగా నల్లనివి గాక రాగిచాయ గలవి. నేఁడు జనులు రాగిజుట్టనియే యందురు గాని, పాతమాట యెంత పొట్టిగా, నెంత చక్కగా నున్నది!

సంస్కృతమున నీ వన్నెకుఁ బేరులు పెక్కు. కపిల, పిశంగ, కద్రు, పింగళ శబ్దము లమరకోశమునఁ గలవు. సాంఖ్యమునకు మూలపురుషుఁడగు కపిలమహర్షి, నాగమాత యగు కద్రువ, ఛందశ్శాస్త్రము రచించిన పింగళుఁడు, వీరందఱి పేరులలోను నీ వన్నెయే. అయినను బాపట్లలోని మా తాతగారికి ‘పింగళ’ యనఁగానే జుట్టు తోఁపదు. దివిసీమను ముంచి యీ సీమనెల్ల వణఁకించిన 1977 నవంబరు 19వ తేది తుపాను తోఁచును. అది పింగళనామ సంవత్సరము.

మునుల పేరులందు వెలసిన వన్నె మా తరగతిలో నెగతాళి యయ్యెను. రేపల్లెకు దిగువ, నిజాంపట్నము వైపునుండి యొక బాలుఁడు వచ్చి చేరెను. వాని జుట్టు పలుచన, రాగిచాయ. వెనుకబల్లవారు ‘దొరగారు వచ్చి’ రనిరి. మఱునాఁటినుండి వాఁడు తలకుఁ దువాలు చుట్టుకొని వచ్చుచుండెను. సముద్రపు టెండయు నుప్పునీరును జుట్టువన్నె హరించునని యందఱు ననుకొనిరి. అదియుఁ గొంత నిజమే. కాని పిల్లలను బరీక్షింప వచ్చిన డాక్టరమ్మగారు ముందుగా వాని పాదములు నొక్కి చూచి, యింట నేమి తినెడివాఁడవని యడిగిరి. గంజి యనెను. రాత్రియో? గంజియే.

వెండ్రుకకు నలుపునిచ్చు మెలనిన్ అను పదార్థము మాంసకృత్తులలోని యంశముచే నేర్పడును. అవి చాలనిచో జుట్టు వెలవెలఁబోవును. 1935లో సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు, నేఁడు ఘానా యనఁబడు గోల్డుకోస్టునందు, ఇట్టి లోపముచే శిశువులకు వచ్చు రోగమును ‘క్వాషియోర్కర్’ అని లోకమునకుఁ దెలిపెను. అది యచ్చటి ‘గా’ భాషలోని మాట. మఱియొక బిడ్డ పుట్టఁగాఁ దల్లిపాలు తప్పిన పెద్దబిడ్డకు వచ్చు జబ్బని దాని భావము. ఆ తల్లులకుఁ గారణము ముందే తెలియును, మాటలోనే యున్నది. మా వాని కంత రోగము లేదుగాని, త్రోవ యదియే యని డాక్టరమ్మగారు చెప్పిరి.

హాస్టలులో వానికి దినమున కొక గ్రుడ్డును, పాలును, పప్పును నియమించిరి. నాలుగు నెలలకుఁ గుదుళ్లయొద్ద నంగుళము మేర నల్లని జుట్టు మొలచెను. దానిపైఁ బాత రాగిచాయ. వాఁడు తువాలు మానెను. మంగలి రాఁగా మాత్రము కత్తెర వలదనెను. సెలవులలో నింటికిఁ బోయి రెండు చాయలును దల్లికిఁ జూపవలెనఁట.