ప్రక్కనున్నవారి సాక్ష్యము

గురక గాఢనిద్రకు గుర్తని మనవారు నవ్వి ఊరకుందురు. గురక పెట్టువాడను నేనే గనుక మీకు ఈ సంగతి వ్రాయుచున్నాను.

నిద్రలో గొంతు కండరములు సడలి ఊపిరి త్రోవ ఇరుకైనప్పుడు గురక పుట్టును. కొందరికి ఆ త్రోవ మూసుకొనిపోయి 10 సెకనులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు ఊపిరి నిలిచిపోవును. రక్తములో ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలికిపడి లేపును. మరల ఊపిరి, మరల గురక. గంటకు 30 మారులకు మించియు ఇట్లు జరుగవచ్చును. తెల్లవారిన తరువాత ఇదేమియు జ్ఞాపకముండదు. తలనొప్పి, పగటి కునుకు, రక్తపుపోటు మిగులును.

నా ఊపిరి ఆగుట నేనెరుగను. నా భార్య యెరుగును. ఆమె గడియారము చూచి లెక్కించి చెప్పిన మాటయే వైద్యునికి దారి చూపినది. ప్రక్కకు తిరిగి పరుండుట, బరువు తగ్గుట, మద్యము మానుట కొందరికి మేలు చేయును. నాకవి చాలలేదు. ముక్కుకు తొడుగు పెట్టి, గాలి ఒత్తిడితో గొంతును తెరచియుంచు యంత్రముతో నేడు నిద్రించుచున్నాను. ఈ పద్ధతిని 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివన్ లోకమునకు తెలిపెను.

మీ యింట ఎవరి గురకయైనను నడుమ ఆగి, కొంతసేపటికి ఎగశ్వాసతో మరల మొదలగుచున్నదా? నవ్వకుడి. ఎంతసేపు ఆగినదో లెక్కించుడి. వారిని వెంటబెట్టుకొని పోయి మీరే వైద్యునికి చెప్పుడి.