మా అంబాసిడర్‌లో బుల్లి సీటు!

ఈ సీను మీరు ఎన్ని సినిమాల్లో చూసుంటారో ఒక్కసారి లెక్కేసుకోండి. ఆసుపత్రి మెట్ల ముందు కారు ఆగుతుంది. హీరోయిన్‌ పొత్తిళ్లలో బిడ్డతో మెట్లు దిగి వస్తుంది. హీరో డోరు తీసి పట్టుకుంటాడు. అమ్మ ఒళ్లో పాపాయి, అమ్మ కళ్లలో చెమ్మ, వెనకాల వయొలిన్లు... కట్‌! తర్వాతి షాట్‌లో ఇంటి గుమ్మం, హారతి పళ్లెం. ఆసుపత్రికీ గుమ్మానికీ మధ్య రోడ్డొకటి ఉంటుందని ఏ డైరెక్టరూ చూపించడు. చూపిస్తే రీలు దండగ!

పన్నెండేళ్లుగా సినిమాల మీద రాసుకుని బతుకుతున్న నాకూ ఆ రోడ్డు సంగతి తట్టలేదు, 2024లో మా ఆవిడకు తొమ్మిదో నెల వచ్చి, మా బావమరిది డాలస్‌ నుంచి ఓ పెద్ద అట్టపెట్టెతో దిగేదాకా.

"ఏంటిది? టీవీయా?" అన్నాను ఆశగా.

"పాపాయి కారు సీటు, బావా. అమెరికాలో ఇది లేకపోతే ఆసుపత్రి వాళ్లు పిల్లను ఇంటికి పంపడానికి ఒప్పుకోరు" అన్నాడు.

విప్పి చూస్తే బుట్టలాంటి సీటు, దాని కిందికి ఓ దిమ్మ, దిమ్మకు రెండు కొక్కేలు. కారు వెనక సీటు సందులో ఇనుప కడ్డీలుంటాయనీ, కొక్కేలు వాటికి తగిలిస్తే టక్కుమని పడిపోతుందనీ చెప్పాడు. అమెరికాలో 2002 సెప్టెంబరు నుంచి తయారైన కార్లన్నిటికీ ఆ కడ్డీలు ఉండాల్సిందేనట.

నేను కిటికీలోంచి బయటికి చూశాను. వేపచెట్టు కింద మా కారు నిలబడి ఉంది. తెల్ల అంబాసిడర్‌. 2003 మోడల్‌. డీజిలు. టక్కుమనేవి దానిలో చాలా ఉన్నాయి గానీ ఆ కడ్డీలు మాత్రం లేవు!

నాన్న కారు

ఆ కారు గురించి చెప్పాలంటే మా నాన్న గురించి చెప్పాలి. నాన్నది తెనాలి. ప్రొడక్షన్‌ కారు డ్రైవరు. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు మకాం మారుస్తున్న రోజుల్లో ఆయనా సామాను సర్దుకుని ఇటొచ్చేశాడు. పొద్దున నాలుగున్నరకి మేకప్‌మన్‌ పికప్‌, ఆరుకి హీరోయిన్‌ పికప్‌, ప్యాకప్‌ చెప్పాక అందరినీ దింపి రాత్రి ఒంటిగంటకి ఇల్లు. సారథి స్టూడియో గేటు దగ్గర వాచ్‌మన్‌ నాన్న హారన్‌ మోత విని తలుపు తీసేవాడంటారు. తెరమీద పేరు పడే ఉద్యోగం కాదు. పడినా జనం ఇంటర్వెల్‌ సమోసా గురించి ఆలోచించే టైములో పడేది!

ఆయన నడిపిన కంపెనీ 2011లో మూతపడింది. జీతం బాకీ కింద ఈ కారు చేతికొచ్చింది. రిజిస్ట్రేషన్‌ రెండుసార్లు రెన్యువల్‌ చేయించి, అద్దాలు తుడుచుకుంటూ, ఆదివారం ఆదివారం స్టార్ట్‌ చేస్తూ కాపాడుకుంటున్నాడు. ఉత్తరపరా ఫ్యాక్టరీలో అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయిందన్న వార్త చదివిన రోజు నాన్న అన్నం సరిగా తినలేదు. అతిశయోక్తి కాదు సుమండీ!

నేను పుట్టినప్పుడు, 1989లో, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది కూడా అంబాసిడర్‌లోనే, నాన్న నడుపుతుండగానే. ముందు సీట్లో నాయనమ్మ, ఆవిడ ఒళ్లో నేను. కాబట్టి మనవరాలో మనవడో ఎవరొచ్చినా రావలసింది ఈ కారులోనే అని ఆయన ఎప్పుడో తీర్మానించేసుకున్నాడు.

అట్టపెట్టె చూపించగానే ఆయన మొహం మారింది.

"ఏరా, అమ్మ ఒడి కంటే గట్టిదా ఈ ప్లాస్టిక్‌ బుట్ట? ముప్పై ఏళ్లు స్టీరింగ్‌ పట్టాను. ఒక్కరికి గీత పడిందా నా బండిలో?"

అదీ సంగతి. ఆయనకు సీటు మీద కోపం లేదు. కొడుకు తన డ్రైవింగును శంకిస్తున్నాడేమోనని బాధ.

నేను చదువుకున్నవాణ్ణి కదా, లెక్కలు చెప్పాను. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ దేన్నైనా గుద్దుకుని సెకనులో పదోవంతులో ఆగిందనుకోండి. లోపలున్న ప్రతి వస్తువూ తన బరువుకు దాదాపు 14 రెట్ల బలంతో ముందుకు దూకుతుంది. మూడు కిలోల పాప నలభై కిలోల పైచిలుకు బస్తా అవుతుంది. ఏ తల్లి చేతులు ఆపగలవు?

చట్టం చెప్పాను. 2019 సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను బెల్టుతోనో పిల్లల సీటుతోనో కట్టకుండా తీసుకెళ్తే 1,000 రూపాయల జరిమానా అన్నాను. "వెయ్యి నేను కడతాలే" అన్నాడు.

చివరికి సినిమా మాట కూడా ఎత్తాను. జూనియర్‌ ఎన్‌.టి.ఆర్‌. తన సినిమా వేడుకల్లో అభిమానులను జాగ్రత్తగా ఇళ్లకు చేరమని బతిమాలడం మీరంతా విన్నారు. 2014లో అన్న జానకీరామ్‌నూ, 2018లో తండ్రి హరికృష్ణనూ రోడ్డు ప్రమాదాల్లోనే పోగొట్టుకున్న మనిషి మాట అది. నాన్న మాట్లాడలేదు. లేచి చెట్టు కిందికి వెళ్లి కారు తుడవడం మొదలెట్టాడు.

బొమ్మ

ఆ రాత్రి పదకొండు దాటాక నా గదిలోకి వచ్చాడు. లైటు వెయ్యొద్దన్నాడు. మంచం పక్కన కూచుని ఓ సంగతి చెప్పాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

92లోనో 93లోనో గండిపేట రోడ్డు మీద ఛేజ్‌ సీను తీస్తున్నారట. వెనక సీట్లో హీరోయిన్‌కి డూపు, ఆమె ఒళ్లో బిడ్డ. బిడ్డంటే నిజం బిడ్డ కాదు, గుడ్డ కుక్కిన బొమ్మ. క్లోజప్‌లో నిజం పిల్లను వేరే తీసుకుంటారు. బండి నడపడానికి నాన్నను కూచోబెట్టారు. ఎదురుగా ఎడ్లబండి వస్తుంది, సడన్‌ బ్రేక్‌ వెయ్యాలి. అంతే సీను.

"ముప్పై కూడా దాటలేదురా స్పీడు. ఆ అమ్మాయికి బ్రేకు పడుతుందని తెలుసు. మాస్టారు మైకులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు కూడా. రెండు చేతులతో గుండెకి హత్తుకునే కూచుంది. బ్రేకు వేశాను. బొమ్మ చేతుల్లోంచి జారి, నా చెవి పక్క నుంచి వెళ్లి ముందద్దానికి తగిలి డ్యాష్‌బోర్డు మీద పడింది."

"తర్వాత?"

"అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బొమ్మను ఆ పిల్ల జాకెట్టుకి పిన్నీసులతో కుట్టి రెండో టేకు తీశారు."

చాలాసేపు ఏమీ అనలేదు ఆయన. తర్వాత లేస్తూ, "బొమ్మకైతే పిన్నీసు పెట్టాం" అన్నాడు. "పొద్దున్నే లేపు. ఆ బుట్ట సంగతేదో చూద్దాం."

నా లెక్కలూ, నా చట్టమూ చెయ్యలేని పని ఆ గుడ్డబొమ్మ చేసింది!

కొక్కేలు లేకపోయినా...

ఇక అసలు పని. పాత కారులో ఈ సీటు బిగించడం ఎలాగో మీకూ చెబుతాను. మీలో పెళ్లికాని వాళ్లే ఎక్కువని నాకు తెలుసు. అయినా అక్కకో వదినకో పనికొస్తుంది, వినండి.

కొక్కేలు లేకపోతే దిమ్మను కారు బెల్టుతోనే బిగించవచ్చు. సీటుతో వచ్చిన పుస్తకంలో ఆ దారి వివరంగా ఉంది. మన దేశంలో 2002 తర్వాత వచ్చిన కార్లకు వెనక కూడా బెల్టులు ఉండాలి. మరి మా బెల్టులేవి? సీటు కవరు ఊడదీస్తే బకిల్స్‌ కుషను అడుగున దొరికాయి! "ఆర్టిస్టులకు గుచ్చుకుంటున్నాయని నేనే దోపాను" అని ఒప్పుకున్నాడు నాన్న. ఇరవై ఏళ్లు వాడని బెల్టు రాయిలా బిగుసుకుపోయింది, అంచు కూడా పీలికలయింది. అలాంటి బెల్టును నమ్మకూడదు. రాణిగంజ్‌ వెళ్లి కొత్త బెల్టు తెచ్చి, మా మెకానిక్‌ చేత బోల్టులు పడే చోట తుప్పు లేదని చూపించి మరీ వేయించాం. 2002కి ముందు బండిలో అసలు బెల్టులే లేకపోతే ఏదో తాడుతో కట్టేద్దామనుకోకండి. ఆ ఒక్క ప్రయాణానికి బెల్టున్న వేరే కారు చూసుకోవడమే మేలు.

చంటిపిల్ల మొహం వెనక్కి ఉండాలి. అంటే పాప వీపు డ్రైవరు వైపు, కాళ్లు వెనక సీటు వైపు. ఇదేం తిరకాసు అనుకున్నాడు నాన్న. ఈ పద్ధతి కనిపెట్టింది స్వీడన్‌లో బెర్టిల్‌ ఆల్డ్‌మన్‌ అనే ప్రొఫెసరు, 1964లో. జెమినీ వ్యోమగాములు వీపు ఆనించి పడుకుని ఎగిరే పద్ధతి చూసి ఆయనకు ఈ ఊహ వచ్చిందట. "జెమినీయా? బూరాలూదే కవలపిల్లల బొమ్మ వేసేవాళ్లా?" అన్నాడు నాన్న. కాదు నాన్నా, అది మద్రాసు జెమినీ, ఇది అమెరికా రాకెట్టు జెమినీ! పసిపిల్లకు తల బరువెక్కువ, మెడ మెత్తన. గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బను వీపంతా పంచుకుంటుంది, మెడ విరగదు. అదీ కిటుకు. ముందు సీట్లో, ఎయిర్‌బ్యాగు ఉన్నచోట, ఇలా వెనక్కి తిప్పిన సీటు పెట్టడం మాత్రం ప్రాణాంతకం.

రెండో చిక్కు అంబాసిడర్‌ సోఫాది. వెనక్కి వాలుగా ఉంటుంది. దిమ్మ పెడితే బుట్ట నిక్కపొడుచుకుని నిలబడింది. అలా ఉంటే నిద్రలో పాప తల ముందుకు వాలి ఊపిరి అందదు. తువ్వాలు గట్టిగా చుట్టి, సీటూ వీపూ కలిసే సందులో పెట్టాం. మా పుస్తకం అందుకు ఒప్పుకుంది. మీ పుస్తకం ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి. దిమ్మ పక్కనున్న బుడగ గీతల మధ్యకొచ్చింది.

మూడోది బిగువు. మన బెల్టులు కుదుపు వచ్చినప్పుడే పట్టేస్తాయి. మామూలప్పుడు వదులుగా సాగుతూనే ఉంటాయి. అందుకే దిమ్మలో బెల్టును కరిచిపట్టే బిళ్ల ఒకటి ఉంది. నాన్న దిమ్మ మీద మోకాలు ఆనించి బరువంతా వేశాడు. నేను బెల్టు లాగాను, బావమరిది బిళ్ల నొక్కాడు. బెల్టు దూరిన చోట పట్టుకుని ఊపితే అంగుళం కంటే కదలకూడదు. మొదటిసారి మూడంగుళాలు కదిలింది. నాలుగోసారి కదల్లేదు! అరవై ఎనిమిదేళ్ల నాన్న చెమట తుడుచుకుంటూ, "టేకు ఓకే" అన్నాడు.

క్లైమాక్స్‌

ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోల వంద గ్రాములు.

ఇంటికి తెచ్చే రోజు గొడవ అమ్మతో వచ్చింది. నాన్న పాత పంచె చింపి, పిల్లను పొట్లంలా చుట్టి, దిష్టిచుక్క పెట్టి సిద్ధంగా ఉంది. సీటు పట్టీలు భుజాల మీంచీ కాళ్ల మధ్య నుంచీ రావాలి. పొట్లానికి పట్టీ ఎలా వేస్తాం? మందపాటి గుడ్డ లోపలుంటే పట్టీ బిగిసినట్టే ఉంటుంది, కుదుపుకు వదులైపోతుంది. "ఎండన పడి వస్తున్న పసిగుడ్డును విప్పమంటార్రా?" అంది అమ్మ. నేను నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు.

"ముందు కట్టు, తర్వాత కప్పు. నీ పంచె పైన వెయ్యొచ్చులే."

కట్టాం. భుజం దగ్గర పట్టీని రెండువేళ్లతో గిల్లి చూశాను, చేతికి మడత రాలేదు. పైన అమ్మ పంచె కప్పింది. పక్కనే మా ఆవిడ కూచుంది. ఒడి ఖాళీగా ఉందని ఆవిడ కళ్లలో కొంచెం బాధ. చెయ్యి చాపి పాప వేలు పట్టుకుంది.

మెహదీపట్నం నుంచి యూసఫ్‌గూడ దాకా నాన్న నడిపాడు. దారిలో ఏమీ జరగలేదు. ఎవరూ అడ్డం రాలేదు, సడన్‌ బ్రేకు పడలేదు. సినిమా అయితే పడేది! పాప మొహం వెనక్కి ఉంది గనక అద్దంలో ఆయనకు కనిపించలేదు. ప్రతి సిగ్నల్‌ దగ్గరా, "ఏం చేస్తోందమ్మా?" అని కోడలిని అడిగాడు. "పడుకుంది మామయ్యగారూ" అని ఆవిడ ప్రతిసారీ చెప్పింది. అన్నట్టు, ముప్పై ఏళ్లలో మొదటిసారి నాన్న తన బెల్టు కూడా ఎవరూ చెప్పకుండానే పెట్టుకున్నాడు. నేను చూశాను, ఏమీ అనలేదు.

గుమ్మం దగ్గర హారతి పళ్లెంతో అత్తయ్య నిలబడింది. ఎర్ర బటన్‌ నొక్కి పట్టీ విప్పింది నాన్నే. అప్పుడు ఎత్తి మా ఆవిడ ఒళ్లో పెట్టాడు. అమ్మ ఒడి ఇంట్లో ఉంది, ఎటూ పోదు. రోడ్డు మీద ఉన్న కాసేపే దానికి సెలవు.

ఈసారి థియేటర్లో హీరో బిడ్డను ఒళ్లో పెట్టుకుని కారు తోలుతుంటే మీరు ఈల వెయ్యండి, వద్దనను. కానీ ఆ ఒళ్లో ఉండేది చాలాసార్లు గుడ్డబొమ్మ అని మాత్రం గుర్తుంచుకోండి. మన ఇంటి పాపకు రెండో టేకు ఉండదు.