ఆటలో అరటిపండు

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. భోజనంలోనే కాదు, ఆటలోనూ అంతే. ఒకరికి చదరంగం ప్రాణం. మరొకరికి అది కునుకు తెప్పించే కొయ్యబొమ్మల పోరు. వీడియో గేములు వచ్చిన తరువాత ఈ రుచులకు కొత్త కొమ్మలు మొలిచాయి. కార్ల పందెం, కాల్పులు, క్రికెట్, చిక్కుముడులు, సాహసయాత్ర – ఎవరికి నచ్చినది వారు ఆడుకొంటారు. అంతటితో ఆగక, ఆట ఎంత కఠినంగా ఉండాలో నిర్ణయించుకొనే వీలు కూడా ఆడేవానికి కలిగింది. 'ఈజీ, మీడియం, హార్డ్' అనే మూడు మాటలు తెరమీద కనబడతాయి. ఏ రకం ఆట ఇష్టమని అడిగితే ఎవరైనా సంకోచం లేకుండా జవాబు చెబుతారు. ఏ మెట్టు మీద ఆడుతావని అడిగితే మాత్రం కొందరి గొంతు తగ్గుతుంది. ఆ తగ్గటానికి కారణమేమిటో ఆలోచింపదగినదే.

బలాబలాల ఎచ్చుతగ్గులు తెలుగు నేలమీది ఆటలకు కొత్తవి కావు. పులిజూదంలో ఒక పక్షాన 3 పులులు, మరొక పక్షాన 15 మేకలు. పులి మేక మీదుగా దూకి దానిని చంపగలదు. మేకకు ఆ శక్తి లేదు. తోటి మేకలతో కూడి పులిని కదలనీయకుండా కట్టివేయటమే దాని విద్య. రెండు పక్షాల బలం ఒకటి కాదు, వాటికి కావలసిన బుద్ధీ ఒకటి కాదు. దూకుడు నచ్చినవాడు పులులను కోరుకొంటాడు, ఓపిక గలవాడు మేకలను కోరుకొంటాడు. (వైకుంఠపాళిలో ఈ గొడవే లేదు. అక్కడ పాచిక ఎట్లా పడితే మనిషి అట్లా ఎక్కుతాడు, అట్లా దిగుతాడు.)

వీధి ఆటలలో ఇంతకంటె చక్కని ఏర్పాటు ఒకటున్నది. దాగుడుమూతలు ఆడే పిల్లల దగ్గరకు నాలుగైదేళ్ల పసివాడు వచ్చి తానూ ఆడతానని మారాం చేస్తే, పెద్దపిల్లలు వానిని 'ఆటలో అరటిపండు'గా చేర్చుకొంటారు. వాడు అందరితోపాటు పరుగెడతాడు, దాక్కొంటాడు, దొరికినా దొంగ కాడు. వానికొక్కనికి నియమం సడలినంత మాత్రాన మిగిలినవారి ఆట చెడిపోదు. ఈ మాటను నేడు హేళనగానే ఎక్కువ వాడుతున్నారు గాని, ఆ ఏర్పాటులో ఉన్నది దయ. వాడు ఎన్నాళ్లు అరటిపండుగా ఉండాలో ఎవరూ గడువు పెట్టరు. ఒకనాటి సాయంకాలం వాడే ముందుకు వచ్చి, "ఇయ్యాల నేను గూడ దొంగ పెడత" అంటాడు.

1977లో అమెరికాలో విడుదలైన అటారి యంత్రానికి కఠినత్వాన్ని మార్చే మీటలు రెండు ఉండేవి. ఎడమవైపు ఆటగానికి ఒకటి, కుడివైపు ఆటగానికి ఒకటి. తండ్రి తన మీటను కఠినమైన వైపునకు, కొడుకు తన మీటను సులువైన వైపునకు తిప్పుకొని ఒకే ఆటను కలిసి ఆడుకొనే వీలుండేది. అరటిపండుకు అది యంత్రరూపం అనవచ్చును. 15 ఏళ్లు గడిచేసరికి ధోరణి మారింది. 1992లో వచ్చిన 'వుల్ఫెన్‌స్టీన్ 3డి' అనే కాల్పుల ఆటలో అన్నిటికంటె సులువైన మెట్టు దగ్గర కథానాయకుని తలకు పసిపిల్లల టోపీ, నోటిలో పాలపీక తగిలించి బొమ్మ వేశారు. అది హాస్యానికి చేసిన పనే. అయినా సులువు కోరినవాడు చేతకానివాడన్న భావం ఆ బొమ్మలో ఉన్నది. ఒకప్పుడు కళాశాల కంప్యూటరు గదులలో అందరూ ఎరిగిన మైన్‌స్వీపరు ఎవరినీ ఇట్లా వెక్కిరించలేదు. మొదటి మెట్టులో 10 మందుపాతరలు, రెండవదానిలో 40, మూడవదానిలో 99. లెక్క చెప్పి ఎంచుకొమ్మనేది, అంతే.

పటాన్‌చెరు మండలంలోని కర్దనూర్ పారిశ్రామిక ప్రాంతపు ఊరు. ఈ ప్రాంతంలో కాలం షిఫ్టుల లెక్కన నడుస్తుంది. అన్న కర్మాగారానికి, తమ్ముడు జూనియర్ కళాశాలకు పోయే కుటుంబాలు ఇక్కడ అరుదు కావు. అటువంటి ఇంటిలో ఫోను ఒకటే ఉండవచ్చును గాని రుచులు రెండు. రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చిన అన్న ఐదు ఓవర్ల క్రికెట్ ఆట తెరిచి 'ఈజీ' మీద వేలు పెడతాడు. బంతి పడిందంటే సిక్సరే. తమ్మునికి నవ్వు ఆగదు.

"అన్నా, గిట్ల ఆడితె మజా ఏముంటదే?"

"కష్టం కంపెనీల మస్తుగున్నదిరా తమ్మీ, ఇంట్ల గూడ ఎందుకు?"

అన్న జవాబును సోమరితనమని కొట్టివేయటం న్యాయం కాదు. ఎనిమిది గంటలపాటు యంత్రం వేగానికి తన చేతిని సరిపెట్టిన మనిషికి, తన చేతి వేగానికి సరిపడే యంత్రం దొరికేది ఆ పావుగంటలోనే. తమ్ముని కోరికా తప్పు కాదు. అతని జీవితంలో కష్టమంతా ప్రశ్నపత్రాల రూపంలో ఉన్నది. దానిని ఎంచుకొన్నవాడు అతడు కాదు. ఆటలో 40 సార్లు ఓడినా ఆ ఓటమిని ఇంటికి పంపే మార్కుల కాగితం ఉండదు. నలభై ఒకటవసారి గెలిచినప్పుడు ఆ గెలుపు పూర్తిగా తనదే.

కష్టాన్ని ప్రేమించేవారి వాదంలో బలమున్నది. 2019లో జపానువారు తెచ్చిన 'సెకిరో' అనే ఆటలో మెట్లే లేవు. అందరికీ ఒకే కొండ. ఎక్కినవారందరూ ఒకే కష్టం పడ్డారు కాబట్టి వారి నడుమ ఒక బంధుత్వం ఏర్పడుతుందని ఆ ఆట అభిమానులు అంటారు. అది నిజమే. అయితే 2018లో వచ్చిన 'సెలెస్ట్' అనే ఆట కూడా కొండ ఎక్కటం గురించినదే, అదీ కఠినమైనదే. కావలసినవారు ఆట వేగాన్ని సగానికి తగ్గించుకొనే వీలు మాత్రం అందులో ఉన్నది. ఒకరు వేగం తగ్గించుకొన్నందువల్ల మరొకరు ఎక్కిన కొండ పొట్టిది కాలేదు.

నూరుమంది ఒకే దీవిలో దిగి పోరాడే పబ్‌జీ వంటి ఆటలలో 'ఈజీ, హార్డ్' అన్న మాటలు కనబడవు. భారతదేశంలో 2020లో అది నిషేధానికి గురైనది. 2021లో 'బీజీఎంఐ' పేరుతో అటువంటిదే మరల వచ్చింది. మాటలు లేకపోయినా మెట్లు లేకపోలేదు. విమానం నుండి ఎక్కడ దూకాలో ఆటగాడే నిర్ణయించుకొంటాడు. దూకుడుగలవాడు జనం గుమిగూడే 'పొచింకి' పట్టణం మధ్యలో దిగుతాడు. నెమ్మదిగలవాడు దూరంగా ఏ పొలం అంచు ఇంటి దగ్గరో దిగి, ఆయుధాలు ఏరుకొంటూ చివరిదాకా బ్రతికి ఉంటాడు. పులులను కోరినవాడొకడు, మేకలను కోరినవాడొకడు.

కొందరికి ఇది రుచి మాత్రమే కాదు, అవసరం కూడా. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల సారథిగా ఉన్న మైక్రోసాఫ్ట్ సంస్థ 2018లో, అవయవ లోపం గలవారు ఆడుకొనేందుకు పెద్ద పెద్ద మీటలుగల ప్రత్యేక పరికరాన్ని విడుదల చేసింది. చేతితో నొక్కలేనివారు మోచేతితోనో కాలితోనో నొక్కవచ్చును. కర్దనూర్ వంటి ఊళ్లలో ప్రెస్ మిషన్ కింద వేలు పోగొట్టుకొన్న కార్మికునికి అటువంటి పరికరం కొనే స్తోమత ఉండదు. ఉన్నది ఫోను. బీజీఎంఐలో కాల్పుల మీటను తెరమీద తనకు అందేచోటికి జరుపుకోవచ్చును, పెద్దది చేసుకోవచ్చును. ఆ అమరిక కుదిరేదాకా కొంతసేపు తంటాలు తప్పవు. ఆ తరువాత అతడు దీవిలో దిగుతాడు. మిగిలిన తొంభై తొమ్మిదిమందికి అతని చేతికి ఎన్ని వేళ్లున్నవో తెలియదు.